మైలుకి ఆరంగుళాల వాటం

అరికాళ్ళకి ఇసక చల్లగా తగులుతోంది. తెల్లవారుజాము ఐదున్నర. చెప్పులు బయట వదిలేసి నాన్నా నేనూ ఉత్తకాళ్ళతో నడుస్తున్నాం. మా ముందూ వెనకా తెల్లబట్టల జనం. చేతుల్లో తామరమొగ్గలు, నీలికలువలు, మట్టి ప్రమిదలు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఎక్కడో చీపురుతో ఇసక ఊడుస్తున్న చప్పుడు, లోపల్నించి డోలు, దానితో పాటు మన సన్నాయిలాంటిదేదో.

నాన్న తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకున్నాడు. ఆయన ఎప్పుడూ వేసుకునేవి అవే. ఇక్కడ మాత్రం అవి ఆయన్ని ఊరివాణ్ణి చేశాయి. ఒక ముసలమ్మ ఆగి, సింహళంలో ఏదో అని, తన చేతిలోని మొగ్గల్లో ఒకటి తీసి నాన్న చేతిలో పెట్టి ముందుకు వెళ్ళిపోయింది. నాన్న ఆ మొగ్గని రెండు చేతుల్తో పట్టుకుని నావైపు చూశాడు.

"తెలుగులో చెప్పినట్టే ఉంది అమ్మాయ్. అర్థం గాలేదు గానీ."

నాన్నకి 75 ఏళ్ళు. పాస్‌పోర్టు వచ్చి నాలుగు నెలలయింది. నాగార్జునసాగర్ కుడికాలువ మీద 37 ఏళ్ళు లస్కరుగా పనిచేసిన మనిషి. ఆరు మైళ్ళ బీటు, రోజూ నడక, వంతులవారీగా నీళ్ళు వదిలే వారబందీ రోజుల్లో రాత్రిళ్ళు కూడా. మద్రాసు దాటి దక్షిణానికి వెళ్ళింది లేదు. నేను గుంటూరులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను. "ఎక్కడికైనా పోదాం నాన్నా, దేశం దాటి" అంటే, ఆయన వారం రోజులు ఆలోచించి అడిగింది ఒకటే: "చెరువులుండే చోటు ఏదన్నా ఉందా?" అట్లా అనురాధపురం వచ్చాం.

నిన్న చెన్నైలో ఎక్కితే గంట దాటిందో లేదో కొలంబోలో దిగాం. మాచర్ల నుంచి గుంటూరు బస్సుకి ఇంతకు రెట్టింపు పడుతుంది. విమానం దిగగానే నాన్న వాచీ తిప్పుకోబోయాడు. అక్కర్లేదు, ఇక్కడా మన టైమే అన్నాను. పరాయి దేశంలో తన వాచీ సరిగ్గా నడుస్తోందని తెలిశాక ఆయన భుజాలు కొంచెం దిగాయి. వ్యాన్‌లో అనురాధపురం దాకా నాలుగు గంటలు. దారి పొడుగునా ఆయన కిటికీ పక్కన కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. కొబ్బరితోటలు దాటి పొడినేల మొదలయ్యాక లెక్క జోరందుకుంది. "ఇంకో చెరువు. ఇదిగో కట్ట. అదిగో అలుగు." దుకాణాల బోర్డుల మీది గుండ్రటి అక్షరాలు చూసి కూడబలుక్కోబోయి ఆగిపోయాడు. మన అక్షరాలకి మేనత్త కొడుకుల్లా ఉన్నాయవి. చూస్తే చుట్టాలే, పలకరిస్తే మాత్రం భాష వేరు.

ఇప్పుడు మెట్లెక్కుతున్నాం. గేటు దగ్గర సంచులు వెతికారు. 1985 మే నెలలో ఒకరోజు ఈ ఊళ్ళోకీ ఈ మెట్ల పైనున్న చెట్టు దగ్గరికీ తుపాకులతో వచ్చినవాళ్ళు వందమందికి పైగా మామూలు జనాన్ని చంపారు. ఆ వెతుకులాట ఎందుకో నాన్నకి చెబితే తలూపి చేతులు పైకెత్తి నిలబడ్డాడు.

పైన బంగారు కంచె. దాని వెనక చెట్టు. ఊడలు దిగిన మర్రిలాగా, ఊరంత నీడలాగా ఉంటుందనుకుని వచ్చినవాళ్ళకి ముందు ఇది సన్నగా, వంగినట్టుగా కనపడుతుంది. పాతకొమ్మ కిందికి బంగారుపూత వేసిన ఊతకర్రలు పెట్టారు. ఆకులు మాత్రం మన ఊరి రావిచెట్టు ఆకులే, గాలి లేకపోయినా కొసలు కదులుతూనే ఉన్నాయి.

"ఇదేనా?"

ఇదే. బుద్ధగయ బోధివృక్షం కొమ్మని అశోకుడి కూతురు సంఘమిత్ర ఓడలో తెచ్చింది. ఇక్కడి రాజు దేవానాంపియ తిస్సుడు నాటించాడు. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం మాట. ఎప్పుడు నాటారో లెక్క తెలిసిన చెట్లలో ఇంతకంటే పాతది ప్రపంచంలో లేదు. 2,200 ఏళ్ళకు పైగా దీనికి నీళ్ళు పోసే మనిషి లేని రోజు లేదు. రాజధాని ఇక్కణ్ణించి లేచిపోయి ఊరంతా అడవైపోయిన శతాబ్దాల్లో కూడా ఎవరో ఒకరు దీన్ని కనిపెట్టుకుని ఉన్నారు.

నాన్న మొగ్గని అందరూ పెట్టే రాతిబల్ల మీద పెట్టి, గోడవారగా కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. పక్కన ఒక తల్లి చంటిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఏదో మెల్లగా చదువుతోంది.

అక్కడ నాకు బోధిశ్రీ గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్న శాసనం. ఇక్ష్వాకుల రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, అంటే మూడో శతాబ్దంలో, నాగార్జునకొండ లోయలో బోధిశ్రీ అనే ఉపాసిక తాంబపణ్ణి భిక్షువుల కోసం ఒక చైత్యగృహం కట్టించింది. తాంబపణ్ణి అంటే ఈ లంకే. తాను చేసిన దానాల జాబితా అంతా రాతి మీద చెక్కించింది. ఘంటసాలలో రాతి మండపం, పూర్వశైలంలో ఒక చెరువు, ఇంకా ఎన్నో. అందులోనే ఒక వాక్యం: సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి. కృష్ణ ఒడ్డున ఒక తెలుగునేల మనిషి ఈ ద్వీపం వాళ్ళ విహారంలో ఇలాంటి రావిచెట్టు చుట్టూ గుడి కట్టించింది.

ఇదంతా నాన్నకి గుసగుసగా చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను.

"ఆ రాయి దొరికింది నహరాళ్ళబోడు మీద గదా?" అన్నాడు.

నేను ఆయనవైపు తిరిగాను. ఆ పేరు పుస్తకాల్లోదే. నేను మాత్రం చెప్పలేదు.

"మీ తాత ఆ బోడు కింద తట్టలు మోశాడమ్మా. తవ్వకాలప్పుడు. నేను అన్నం తీసుకుపోయేవాణ్ణి."

లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగాయి. డ్యామ్ కట్టేలోపు దొరికినంత వెలికి తీయాలని తొందర తొందరగా తవ్వారు. ఎన్నోసార్లు చదివాను, చెప్పాను. తట్టలు మోసినవాళ్ళలో మా తాత ఉన్నాడని మాత్రం సముద్రం దాటి వచ్చాక, ఈ చెట్టు కింద తెలిసింది. మా ఊరు సాగర్‌లో మునిగిపోయిందని చిన్నప్పటి నుంచి తెలుసు. దానిమీద నాన్న మాట్లాడేవాడు కాదు, నేను అడిగేదాన్ని కాదు.

తెల్లవారింది. కొండముచ్చులు గోడ మీద వరసగా కూర్చుని పూలబల్ల కేసి చూస్తున్నాయి.

*

రువన్‌వెలిసాయ స్తూపం దగ్గరికి నడిచే వెళ్ళాం. దూరం నుంచే తెల్లగా, ఆకాశం మీద బోర్లించిన గిన్నెలాగా కనపడుతుంది. చుట్టూ ప్రాకారం నిండా ఏనుగు తలలు, భుజం భుజం ఆనించి నిలబడి స్తూపాన్ని మోస్తున్నట్టు. దుట్టుగెమును రాజు క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో మొదలుపెట్టాడు. పూర్తికాకముందే మంచాన పడ్డాడు. తమ్ముడు సద్ధాతిస్సుడు సగం లేచిన కట్టడం మీద వెదురు తడికలు పేర్చి, తెల్లబట్ట కప్పించి, పల్లకిలో అన్నని తెచ్చి చూపించాడట. పూర్తయిందని నమ్మి రాజు కన్నుమూశాడు. ఇక్కడి పాత చరిత్రగ్రంథం మహావంశం చెప్పే కథ.

నాన్న చాలాసేపు విని, "తమ్ముడు మంచోడు" అన్నాడు.

తర్వాత టిఫిను. ఇడియాప్పాలు, కొబ్బరి కారం, పప్పు. చివర్లో చిన్న మట్టికుండలో గేదెపెరుగు, దాని మీద తేనెలాంటి గోధుమరంగు పాకం. ఏంటని అడిగితే కితుల్ అన్నారు. చెట్టు ఫొటో చూపిస్తే మన జీలుగు చెట్టే. దాని నీరా మరగబెట్టి తీస్తారు. పల్నాటి మనిషికి గేదెపెరుగు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కుండ వంచినా జారని పెరుగు. నాన్న రెండో కుండ అడిగాడు. మూడోది నేనే చెప్పాను.

*

పది దాటాక ఎండ రాళ్ళ మీదికి దిగింది. త్రీవీలరు అభయగిరి అడవిలోకి వచ్చింది. ఒకప్పుడు 5,000 మంది భిక్షువులున్నారని చైనా యాత్రికుడు ఫాహియాన్ రాసిన విహారం ఇది. ఇప్పుడు చెట్ల మధ్య స్తంభాలు, పునాదులు, మెట్లు. ఎక్కడ నిలబడ్డా ఎండుటాకుల వాసన, చిమటల రొద. ఒక పెద్ద ఉడుము దారికి అడ్డంగా, తొందరేమీ లేకుండా దాటింది.

మహాసేనుడనే రాజు భవనం అని పిలిచే చోట మెట్ల ముందు నేల మీద అర్ధచంద్రాకారపు రాయి. చుట్టూ చిన్న ఇనుప కంచె. వంగి చూడండి. అంచున జ్వాలలు. తర్వాత ఏనుగు, గుర్రం, సింహం, వృషభం ఒకదాని వెనక ఒకటి తరుముకుంటూ. ఆ లోపల తీగలు, ముక్కుల్లో మొగ్గలు పట్టుకున్న హంసలు, నడిమధ్యలో సగం తామర. వేళ్ళు పెట్టి తడమాలనిపిస్తుంది. ఏనుగు కాలి మడతలు కూడా కనపడుతున్నాయి.

నాన్న కంచె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇట్టాంటిది మనకీ ఉండేది."

"చంద్రశిల నాన్నా. నాగార్జునకొండ విహారాల మెట్ల ముందు..."

"పేరు నాకు తెలీదు. దాని మీద నిలబడి అన్నం టిఫిను ఇచ్చేవాణ్ణి. కాళ్ళు చల్లగా ఉండేయి. పైన పని చూసే సారు ఒకసారి దిగమన్నాడు. అప్పట్నించి పక్కన నిలబడేవాణ్ణి."

పుస్తకాల్లో ఈ రెండు చోట్లకీ ఉన్న సంబంధం గురించి చాలా రాశారు. ఇక్కడి స్తూపాలకి నాలుగు దిక్కులా ముందుకొచ్చే వాహల్కడలు, మన అమరావతి, నాగార్జునకొండ స్తూపాల ఆయక వేదికలు ఒకే ఆలోచన నుంచి వచ్చినవి. పల్నాటి సున్నపురాయి మీద కృష్ణాతీరంలో చెక్కిన శిల్పాలు ఈ ద్వీపంలో తవ్వకాల్లో దొరికాయి. మా ఊళ్ళో గోడలకి, గడపలకి, గట్లకి వాడే రాయి అది. ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. అయినా అవేవీ ఆ పూట నాన్నకి చెప్పలేదు. పదేళ్ళ పిల్లాడి కాళ్ళకి రాయి చల్లగా ఉండటం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇంకా ఏమన్నా చెబుతాడేమోనని ఊరుకున్నాను.

చెప్పాడు, కాసేపటి తర్వాత, భోజనశాల శిథిలాల దగ్గర. అక్కడ ఒక రాతి తొట్టి ఉంది, పడవంత పొడుగు. వేలమంది భిక్షువులకి అన్నం పోసి ఉంచడానికి. నాన్న దాని అంచు మీద చెయ్యి వేసి, లోపలి నునుపు చూసి,

"మా అమ్మ రోలు ఇంత నున్నగా ఉండేది" అన్నాడు. "నడవలో పాతేసి ఉండేది. బండి కట్టేటప్పుడు పెకలిద్దామని మీ తాత గడ్డపార తీసుకొచ్చాడు. రాలా. చీకటి పడుతోంది, పోదాం రమ్మన్నారు అందరూ. అమ్మ బండెక్కి కూర్చుని కొత్తూరు వచ్చేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత ఎన్ని రోళ్ళు కొన్నా, పచ్చడి బాగలేదనేది."

ఇదే ప్రాంగణంలో ఐదో శతాబ్దం మొదట్లో ఫాహియాన్ ఉన్నాడు. ఇల్లు వదిలి ఎన్నో ఏళ్ళయింది. కూడా వచ్చిన వాళ్ళలో కొందరు చనిపోయారు, కొందరు విడిపోయారు. ఒకరోజు పచ్చటి రాతి బుద్ధప్రతిమ దగ్గర ఒక వర్తకుడు తెల్లపట్టు విసనకర్ర నైవేద్యంగా పెట్టడం చూశాడు. అది తన చైనా విసనకర్ర. చూసి ఏడ్చానని తనే రాసుకున్నాడు. నాన్నకి ఈ సంగతి చెబితే తొట్టి మీంచి చెయ్యి తియ్యకుండానే విన్నాడు.

*

జేతవన స్తూపం గురించి ఎక్కువ రాయను. అది రాసేది కాదు, కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూసేది. మహాసేనుడు మూడో శతాబ్దం చివర్లో మొదలుపెట్టాడు, కొడుకు ముగించాడు. 122 మీటర్లు లేచింది. ఆ కాలంలో ఈజిప్టులోని రెండు పెద్ద పిరమిడ్లు తప్ప అంతకంటే ఎత్తయిన కట్టడం భూమ్మీద లేదు. ఇప్పుడు మిగిలింది 71 మీటర్లు. 9 కోట్ల 30 లక్షలకు పైగా ఇటుకలు పట్టాయని లెక్క. "ఆ ఇటుకలకి మట్టి యాడ తవ్వారో అక్కడో చెరువు అయ్యుండిద్ది" అన్నాడు నాన్న. ఆయన ఏది చూసినా చివరికి చెరువు దగ్గరే తేలుతున్నాడు.

నాన్న బాగా నిలబడిపోయింది కుట్టం పొకున దగ్గర. జంట కోనేళ్ళు. పెద్దదాని గట్టు మీద అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఆయన అడుగు రెండున్నర అడుగులు, ఉద్యోగం నేర్పిన కొలత.

"యాభై మూడు. నూట ముప్పై రెండడుగులు."

నా చేతిలోని పుస్తకంలో ఉన్నది 132 అడుగులే.

తర్వాత చిన్న కోనేరు పక్కకు వెళ్ళి నీళ్ళు ఎటునుంచి వచ్చేవో వెతికాడు. మకరం నోరు, పక్కన పడగలు విప్పిన నాగరాయి, దాని వెనక చిన్న చిన్న రాతి గదులు. నేల కింద నుంచి వచ్చిన నీళ్ళు ముందు ఆ గదుల్లో ఆగుతాయి. మట్టి, ఇసక అడుక్కి దిగుతాయి. తేటనీళ్ళే కోనేట్లోకి జారతాయి. చిన్న కోనేటి నుంచి పెద్దదానికి గొట్టం.

"సిల్టు గుంటలు అమ్మాయ్! సన్యాసులు స్నానం చెయ్యడానికి సిల్టు గుంటలు పెట్టారు!"

ఎండలో ముఖం ఎర్రబడి, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉన్నాడు. నీడలోకి రమ్మంటే రాలేదు. ఆ గదులకి మూడుసార్లు ప్రదక్షిణ చేశాడు.

*

సాయంత్రం తిస్సవేవ కట్ట.

వేవ అంటే చెరువు. బోధికొమ్మ నాటించిన ఆ తిస్సుడే దీన్నీ తవ్వించాడు. కట్ట మీద వరసగా మద్దిచెట్లు. కుంబుక్ అంటారిక్కడ. బెరడు చూడగానే నాన్న తెల్లమద్ది అని గుర్తుపట్టాడు. వేళ్ళు కట్టని గుప్పిట్లో పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాయి. కింద రాతి కట్టుబడి. పొలాల నుంచి వచ్చినవాళ్ళు గుడ్డలు ఉతుక్కుంటున్నారు, పిల్లలు దూకుతున్నారు. నీటికాకులు ఎండిన మోడు మీద రెక్కలు ఆరేసుకున్నాయి. అవతల చెట్ల పైన ఉదయం చూసిన తెల్లస్తూపం, ఇటుకస్తూపం.

తూము దగ్గర ఒక పెద్దాయన లుంగీ పైకి కట్టి నిలబడి ఉన్నాడు. చేతిలో ఇనప తాళంచెవి, షట్టరు తిప్పేది. దాన్ని చూడగానే నాన్న నడక మారింది. నేను వెనకబడిపోయాను. వెళ్ళేసరికి ఇద్దరూ గేజీ మీదికి వంగి ఉన్నారు.

నాన్న వేలితో చూపించాడు. "లెవెల్?"

ఆయన ముఖం వెలిగింది. "లెవెల్! లెవెల్!" తర్వాత గేటు చూపించి "షట్టర్" అన్నాడు. నాన్న తన గుండె మీద చెయ్యి వేసుకుని, "షట్టర్. ముప్పై ఏడు ఏళ్ళు" అని వేళ్ళన్నీ మూడుసార్లు విప్పి, మరో ఏడు చూపించాడు. ఇద్దరి డిపార్టుమెంట్లకీ తెల్లదొరలు వదిలివెళ్ళిన మాటలు ఆ రెండూ ఉన్నాయి. అవి అయిపోయాక అసలు మాటలు మొదలయ్యాయి.

ఆయన నీళ్ళు చూపించి "వతుర" అన్నాడు. నాన్న "నీళ్ళు" అన్నాడు. "ఏల." "కాలువ." "సొరొవ్వ." "తూము." "కుంబుర." "మడి." చెరువు కొసన నీళ్ళు పొర్లే చోటు చూపించి ఆయన "వాన" అన్నాడు. నాన్న ఆకాశం వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ అటే చూపించాడు. "వాన."

"అలుగుని వాన అంటున్నాడు అమ్మాయ్!" నాన్న నవ్వుతున్నాడు. గొంతు నిండా నవ్వు. ఆకాశాన్ని చూపించి, వర్షం పడుతున్నట్టు వేళ్ళు ఆడించి, "మాకు అది వాన" అన్నాడు. పెద్దాయనకి అర్థమైంది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

చీకటి పడేముందు ఆయన తాళంచెవి నాన్న చేతికిచ్చాడు. నాన్న కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతుల్తో పట్టుకుని, రెండు చుట్లు తిప్పాడు. కింద నీటి చప్పుడు మారింది. పెద్దాయన చెవి వాల్చి విని, చాలని చెయ్యి చూపించాడు. నాన్నా అదే క్షణంలో ఆగాడు. చూసి కాదు, చప్పుడు విని.

*

రెండో రోజు పొద్దున్నే కలావేవకి బయల్దేరాం. తిస్సవేవలోకి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయో చూడకుండా నాన్న వెనక్కి రానన్నాడు. దారిలో అవుకన దగ్గర కొండరాతిలో నలభై అడుగుల దాకా నిలబడ్డ బుద్ధుణ్ణి చూశాం. ఎంత ప్రశాంతంగా ఉందో ఆ ముఖం. కానీ నాన్న మనసు ముందుకే పోతోంది.

ఐదో శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కలావేవ కట్టించాడు. అక్కణ్ణించి అనురాధపురం దాకా 87 కిలోమీటర్లు ఒక కాలువ తవ్వించాడు. యోధ ఏల అంటారు, జయగంగ అనీ అంటారు. మొదటి 17 మైళ్ళలో దాని వాటం మైలుకి ఆరంగుళాలు.

ఈ మాట చెప్పగానే నాన్న వ్యాన్ ఆపించాడు. కాలువ పక్కనే ఉంది. దిగి గట్టు మీద నిలబడ్డాడు. నీళ్ళు కదులుతున్నాయో లేదో తెలియనంత మెల్లగా పోతున్నాయి. నాన్న ఒక ఎండుటాకు తీసి వేశాడు. అది కాసేపు ఆలోచించినట్టు ఆగి, తర్వాత ఉత్తరంగా కదిలింది.

"మైలుకి ఆరంగుళాలు. అంటే పదివేలకి ఒకటి." నోట్లోనే లెక్క వేసుకున్నాడు. "మా ఇంజనీర్లు లెవెల్ మిషను పెట్టి, మైలుకో బెంచిమార్కు రాయి పాతి, అయినా తప్పు వచ్చిద్దేమోనని మళ్ళీ చూసేవాళ్ళు. వీళ్ళు దేంతో చూశారు?"

అవతలి ఒడ్డు చూడండి. కట్ట లేదు. జయగంగకి ఒకే పక్క కట్ట. రెండో పక్క నేల ఎంత ఎత్తుంటే అంత దాకా నీళ్ళు పరుచుకుంటాయి. ఇప్పుడు కొన్నిచోట్ల రెండు వైపులా కట్టారు గానీ, తవ్వింది మాత్రం ఇట్లాగే. నాన్న దీన్ని చాలాసేపు చూశాడు.

"మాది రెండు కట్టల కాలువ. పైనుంచి వాననీళ్ళు వస్తే గండి పడిద్దని కింద అండర్ టన్నెల్ కట్టి అవతలికి పంపిస్తాం. వీళ్ళు వచ్చే నీళ్ళని రానిచ్చారు. గొడ్లు తాగుతాయి, బురద అక్కడే దిగిద్ది. మనూరి మాటలో చెప్పాలంటే ఇది కాలువ కాదు, పొడుగాటి చెరువు."

ఇంత సరిగ్గా చెప్పిన పుస్తకం నేను చదవలేదు.

కలావేవ కట్ట ఎక్కాం. అవతలి ఒడ్డు కనపడటం లేదు. అలలు రాతికట్టుబడికి కొట్టుకుంటున్నాయి. శతాబ్దాల పాటు తెగిపోయి అడవిగా పడి ఉన్న చెరువుని 19వ శతాబ్దం చివర్లో మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు మహావేలి నది నీళ్ళు కూడా ఇందులోకి వస్తాయి. ఇంత నీటి బరువు ఒక్కసారిగా తూములో పడితే తూమే కొట్టుకుపోతుంది. అందుకని ఇక్కడి పాత చెరువుల కట్ట కడుపులో నిలువుగా ఒక రాతిగొయ్యి కట్టేవారు. బిసోకొటువ అంటారు. నీళ్ళు ముందు దాంట్లోకి వచ్చి, ఊపు తగ్గించుకుని, అదుపులో బయటికి పోతాయి. గేట్లు అక్కడే. హెన్రీ పార్కర్ అనే బ్రిటిష్ నీటిపారుదల ఇంజనీరు ఈ పాత తూములన్నీ చూసి, ఈనాటి వాల్వు గదికి మొదటి రూపం ఇదేనని 1909లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు.

ధాతుసేనుడి చివరి రోజు కథ మా డ్రైవరు చెప్పాడు. ఇక్కడ బడిపిల్లలందరికీ తెలుసట. కొడుకు కశ్యపుడు తండ్రిని చెరలో వేసి, ధనం ఎక్కడ దాచావో చెప్పమన్నాడు. కలావేవకి తీసుకెళ్ళండి, చూపిస్తానన్నాడు రాజు. పాతబండిలో తీసుకొచ్చారు. దారిలో బండివాడు తాను తింటున్న వేయించిన గింజలు ఇన్ని పెడితే రాజు ఇష్టంగా తిన్నాడు. ఇక్కడికి వచ్చి, నీళ్ళలో దిగి స్నానం చేసి, దోసిట్లో నీళ్ళెత్తి, నా ధనమంతా ఇదే అన్నాడు. కశ్యపుడు తండ్రిని బతికుండగానే గోడలో పెట్టి కట్టించాడు. తర్వాత సిగిరియా కొండెక్కి కోట కట్టుకున్నాడు.

నాన్న మెట్లు దిగాడు. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. పంచె తడుస్తున్నా కిందిమెట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టాడు.

"ఆ నీళ్ళ కింద మా ఇల్లుంది" అన్నాడు కాసేపాగి. సాగర్ గురించి అంటున్నాడని నాకు వెంటనే తట్టలేదు. "అమ్మ రోలుంది. మీ తాత తట్ట మోసిన బోడుంది. ఆ నీళ్ళే నా బీటులోకి వచ్చేవి. మొదటి ఏడు గట్టు మీద నడుస్తుంటే కోపంగా ఉండేది. ఆ యేడే చివరి తూము కింద మొదటిసారి వరి ఈనింది. ఒక ముసలాయన వచ్చి కొత్తబియ్యం తువ్వాల్లో కట్టి ఇచ్చాడు. నా పేరు కూడా తెలీదు ఆయనకి. ఇంటికి తెస్తే అమ్మ వండింది. ఏమీ అనకుండా తిన్నది."

నేనేమీ అనలేదు. పక్కన కూర్చుని నేనూ కాళ్ళు నీళ్ళలో పెట్టాను.

సాయంత్రం గదికి వచ్చాక నాన్న తన చిన్న నోటుబుక్కు తీశాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు రోజూ రిజిస్టరులో రాసే పద్ధతిలోనే, తేదీ వేసి రాశాడు: జయగంగ. పొడుగు 87 కి.మీ. వాటం మైలుకి 6 అంగుళాలు. ఒక పక్క కట్ట. గండ్లు లేవు. కాలువ నడుస్తోంది.

అనురాధపురం వెళ్ళేవాళ్ళు స్తూపాలతో సరిపెట్టకుండా తిస్సవేవ కట్టకి ఒక సాయంత్రం, కలావేవకి ఒక పగలు ఉంచుకోండి. వెళ్ళేముందు సాగర్‌లో పడవెక్కి నాగార్జునకొండ దీవి చూడండి. లోయలో పుట్టినవాళ్ళు, తవ్వకాల్లో తట్ట మోసినవాళ్ళు మీ ఇంట్లో ఇంకా ఉంటే, వాళ్ళని వెంట తీసుకెళ్ళండి.